దుత్త మీద కోపం: తెలుగు రాష్ట్రాల ఐటీ మంత్రులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐటీ శాఖల మంత్రివర్యులకు,



మీ రెండు ప్రభుత్వాలూ మాట్లాడే యంత్రాలను జనం ముందు కూర్చోబెడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ను వాట్సాప్‌లో మొదలుపెట్టింది. తెలంగాణలో మీసేవ కూడా వాట్సాప్ బాట పట్టింది. ఇవాళ మీట నొక్కితే వచ్చే సర్టిఫికెట్ రేపు నోటితో అడిగితే వస్తుంది. సంతోషమే. ఎమ్మార్వో ఆఫీసు వరండాలో, కరెంటాఫీసు కిటికీ ముందు పూటలకు పూటలు గడిపిన జనం మేం. ఇలాంటిది వద్దనే మనిషి మాలో దొరకడు. నేను రాస్తున్నది వేరే సంగతి. ఈ యంత్రాలను జనం తిడతారు. మామూలుగా కాదు, బండబూతులు తిడతారు. ప్రారంభోత్సవ సభల్లో ఎన్ని లక్షల మంది వాడారో లెక్క చెబుతారు గానీ, అందులో ఎంతమంది తిట్టారో ఎవరూ చెప్పరు. ఆ లెక్క మాత్రం సర్వర్లలో భద్రంగా ఉంటుంది. పాలించేవాళ్ళకు అంతకంటే పనికొచ్చే లెక్క ఇంకొకటి లేదని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

‘యంత్రాన్ని తిడితే ఎవరికేం నష్టం? దానికి చెవుల్లేవు, మనసు లేదు’ అంటారు చాలామంది. నిజమే. మరి చెవుల్లేనిదాన్ని తిట్టడం దేనికి? తిట్టేవాడికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. తెలిసే తిడతాడు. దీన్ని చదువు లేకపోవడమనో, సంస్కారం చాలకపోవడమనో కొట్టిపారేయడం తేలిక. కానీ మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. ఏడాది పిల్లాడు తప్పటడుగులు వేస్తూ గడప తట్టుకుని బోర్లా పడతాడు. గుక్కపట్టి ఏడుస్తాడు. అమ్మమ్మ పరుగున వచ్చి, వాణ్ణి చంకనేసుకుని, గడపను అరచేత్తో గట్టిగా చరిచి, ‘మా బుజ్జిగాణ్ణి పడేస్తావా? ఇదిగో, కొట్టేశాను. ఏడవకు నాన్నా’ అంటుంది. పిల్లాడు ఏడుపాపి గడప వైపు గుర్రుగా చూస్తాడు. కిందికి దింపగానే తనూ వంగి ఇంకో దెబ్బ వేస్తాడు. అప్పటికి మనసు చల్లబడుతుంది. మనకు దెబ్బ తగిలితే ఇంకెవరికో తగలాల్సిందేనన్న పాఠం మనకు అక్షరాభ్యాసం కంటే ముందే అయిపోతుంది.

అదే ఇంట్లో పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. దసరా నాడు ఆయుధపూజ చేసి ఆఫీసుల్లో కంప్యూటర్లకు పసుపు, కుంకుమ పెడతాం, బండి చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. సెలవులయ్యాక వచ్చి కూర్చున్నప్పుడు ఆ కంప్యూటరే ఫైలు తెరవక మొండికేస్తే, బొట్టు ఇంకా చెరగని ఆ డబ్బాకే ఒక్కటిస్తాం. పూజ చేసిన చెయ్యీ, కొట్టిన చెయ్యీ ఒకటే. వస్తువు మనతో ఏదో ఒక సంబంధంలో ఉందని మనలోపల ఒక నమ్మకం. అది బుద్ధికి తెలియదు, చేతికి తెలుసు.

ఇదంతా మన దేశపు మూఢత్వం అనుకోవద్దు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్లిఫర్డ్ నాస్, బైరన్ రీవ్స్ అనే ఇద్దరు ఆచార్యులు 1990లలో వరసగా ప్రయోగాలు చేసి, 1996లో పుస్తకంగా వేశారు. వాటిలో ఒకటి నాకు బాగా ఇష్టం. కొంతమందిని ఒక కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి పాఠం చెప్పించారు. ఆ తర్వాత ‘నేను ఎలా చెప్పాను?’ అని కొందరిని అదే కంప్యూటర్ చేత అడిగించారు. మరికొందరిని వేరే కంప్యూటర్ దగ్గరికి పంపి, ‘అది ఎలా చెప్పింది?’ అని అడిగించారు. అదే కంప్యూటర్ అడిగినప్పుడు జనం మొహమాటపడ్డారు, మంచి మార్కులు వేశారు. వేరేదాని దగ్గరికి వెళ్ళాక ఉన్నమాట చెప్పారు. పక్కింటివాళ్ళ వంట గురించి వాళ్ళింట్లో ఒక మాట, మనింటికొచ్చాక ఒక మాట చెబుతామే, అలాగన్నమాట. విచిత్రం ఏమిటంటే వాళ్ళంతా కంప్యూటర్లు బాగా తెలిసినవాళ్ళే. ‘యంత్రం దగ్గర మొహమాటమేమిటి, మేమేం చిన్నపిల్లలమా?’ అని కూడా అన్నారట.

అంతకు ముప్పై ఏళ్ళ ముందు, 1966లో, ఎంఐటీ ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే ప్రోగ్రాము సంగతి ప్రకటించాడు. మనం టైపు చేసిన వాక్యాన్నే తిప్పి ప్రశ్నగా మన మీదికి వదలడం తప్ప దానికి ఇంకేమీ రాదు. ఆయన దాన్ని తయారుచేస్తుంటే నెలల తరబడి కళ్ళారా చూసిన ఆయన సెక్రటరీయే, దానితో నాలుగు మాటలాడాక, ‘మీరు కాస్త గది బయటికి వెళ్తారా’ అని ఆయన్నే అడిగింది. వైజెన్‌బామ్ ఆ షాక్ నుంచి తేరుకోలేదు. మిగతా జీవితమంతా మాట్లాడే యంత్రాల గురించి హెచ్చరిస్తూనే గడిపాడు.

మొహమాటం, చనువు, తిట్టు ఈ మూడింటికీ వేరు ఒకటే. మాటకు మాట బదులిచ్చేది ఏదైనా సరే, ఒక మనిషి కుర్చీలో కూర్చుంటే, ఆ కుర్చీకి తగ్గ మర్యాదో అమర్యాదో మన నోటికి తనంతట తనే వచ్చేస్తుంది. మీరు యంత్రాన్ని కూర్చోబెడుతున్నది గుమాస్తా కుర్చీలో. మన రాష్ట్రాల్లో ఆ కుర్చీ ఇన్నేళ్ళుగా మూటగట్టుకున్నదేమిటో నేను మీకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక విడదీత అవసరం. యంత్రాన్ని తిట్టేవాళ్ళు రెండు రకాలు. పనిగాక తిట్టేవాళ్ళు ఒక రకం, సరదాకి తిట్టేవాళ్ళు ఇంకో రకం. ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తే ఇద్దరి విషయంలోనూ తప్పు చేస్తాం.

మొదటి రకం మా పెద్దమ్మ. ఆమెది పాలమూరు దగ్గర పల్లె. గ్యాస్ బండ రాలేదని ఒక హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. అటునుంచి తేనె పూసినట్టున్న ఆడగొంతు, ‘నమస్కారం, మీకు ఏ విధంగా సహాయపడగలను?’ అంది. పెద్దమ్మ ముఖం విప్పారింది. ‘బిడ్డా, బాగున్నవా? బండకు ఎప్పుడో బుక్కు జేస్తిమి, ఇంగా రాలే. జెర నువ్వన్న జూడు బిడ్డా’ అని మొదలుపెట్టి, కోడలు పుట్టింటికి పోయిన సంగతి, కట్టెల పొయ్యి పొగకు కళ్ళు మండుతున్న సంగతి కూడా చెప్పింది. ఆ గొంతు అంతా విన్నట్టే కాసేపు ఆగి, ‘క్షమించండి. మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు. దయచేసి మరోసారి చెప్పండి’ అంది. పెద్దమ్మ కోడలినీ పొగనూ వదిలేసి, బండ సంగతి ఒక్కటే నిదానంగా చెప్పింది. క్షమించండి. ఈసారి చెవిటివాళ్ళకు చెప్పినట్టు కేకేసి చెప్పింది. క్షమించండి. అదే తేనె, అదే స్వరం, పిసరంత తేడా లేదు. ‘నీ నోట్ల మన్నువడ! ఎన్నిమార్లు జెప్పాలె? మనిషివా, గొడ్డువా?’

నేను ఫోన్ తీసుకుని అవీ ఇవీ అంకెలు నొక్కగా నొక్కగా ఒక అమ్మాయి లైన్‌లోకి వచ్చింది. ఈసారి నిజం మనిషే. ఆ పిల్ల పేరు చెప్పేలోపే పెద్దమ్మ ఫోన్ లాక్కుని, మిగిలిపోయిన శాపనార్థాలన్నీ ఆ పిల్లకు అప్పజెప్పింది. అంతకుముందు మాట్లాడింది యంత్రమని, ఈ అమ్మాయికి దానితో సంబంధం లేదని తర్వాత ఎంత చెప్పినా నమ్మలేదు. ‘గొంతు ఒక్కతీరే ఉండె గదరా’ అంది.

దీంట్లో మీరు చూడాల్సినవి చాలా ఉన్నాయి. ఆమె తిట్టుతో మొదలుపెట్టలేదు, ‘బిడ్డా’ అని మొదలుపెట్టింది. యంత్రం తప్పు చేసినందుకు కూడా తిట్టలేదు. దానికి పాలమూరు మాట అర్థం కాలేదు, అది పెద్ద నేరం కాదు. అచ్చులో దొరికే తెలుగు మీద, టీవీ తెలుగు మీద పెరిగిన యంత్రానికి సిక్కోలు యాసా, ఆదిలాబాద్ మాటా ఒక్కరోజులో ఎక్కవు. ఆమెకు ఒళ్ళు మండింది క్షమాపణ విని. మనిషెవరైనా అన్నిసార్లు అదే చిరునవ్వుతో, అదే గొంతుతో ‘క్షమించండి’ అంటే అది వెటకారం. మునుపటి గుమాస్తా విసుక్కునేవాడు, కసురుకునేవాడు, ‘రేపు రా’ అనేవాడు. అయినా ఆ కసురులో ‘నువ్వొచ్చావు, నేను చూశాను’ అనేది ఒకటుండేది. ఇక్కడ అదీ లేదు.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. 1939లో యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ డొలార్డ్, ఆయన సహచరులు ఇదే విషయం మీద ఒక సిద్ధాంతగ్రంథం వేశారు. అడ్డంకి వచ్చినప్పుడు కోపం పుడుతుంది, అసలు కారకుడి మీద చూపడానికి వీల్లేకపోతే అందుబాటులో ఉన్నదాని మీద పడుతుంది అని దాని సారాంశం. మన కోడళ్ళకు యేల్ దాకా పోనక్కర్లేకుండానే తెలిసిన సంగతి. కానీ సామెతలోని కోడలికీ మా పెద్దమ్మకూ ఒక తేడా ఉంది. కోడలికి అత్త ఎదురుగానే ఉంది, అనే ధైర్యం లేదు, అంతే. మా పెద్దమ్మకు ధైర్యం నిండుగా ఉంది. అత్త ఎక్కడుందో తెలియదు. డీలరా, కంపెనీయా, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళా, దాన్ని కొన్న ఆఫీసరా? ఆమె కోపానికి చిరునామా లేదు.

ఆ చిరునామాను కావాలని చెరిపేసేవాళ్ళూ ఉన్నారు. 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. బామ్మ చనిపోయిందని ఎయిర్ కెనడా విమానంలో వెళ్ళిన ఒక ప్రయాణికుడికి, అలాంటి సమయాల్లో ఇచ్చే టికెట్ రాయితీని ప్రయాణం అయ్యాక కూడా అడగవచ్చని ఆ సంస్థ చాట్‌బాట్ చెప్పింది. తీరా అడిగితే సంస్థ కుదరదంది. వివాదం ట్రిబ్యునల్‌కు వెళ్ళాక ఆ సంస్థ చేసిన వాదన సారాంశం ట్రిబ్యునల్ మాటల్లో చూడండి: చాట్‌బాట్ చట్టం దృష్టిలో వేరే వ్యక్తి అట, దాని మాటలకు అదే బాధ్యత వహించాలట! ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి డబ్బు ఇప్పించింది. దుత్తను ముందుకు తోసి అత్త తలుపు చాటున నిలబడటమంటే ఇదే. పైగా ఆ సంస్థ తరపున నిలబడి ఎవరో నిజం మనిషే ఆ మాట రాసి ఉంటారు కదా, నవ్వు రాలేదా అనిపిస్తుంది.

1811లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ ప్రాంతంలో చేతిపనివాళ్ళు అల్లిక మగ్గాలను పగలగొట్టారు. చరిత్ర వాళ్ళను లడ్డైట్లు అంటుంది, యంత్రమంటే గిట్టని మొరటువాళ్ళుగా చూస్తుంది. కానీ వాళ్ళు కనబడిన మగ్గమల్లా విరగ్గొట్టలేదు. కూలి కోసినవాడి మగ్గాలు, నాసిరకం సరుకు నేయించినవాడి మగ్గాలు ఏరి ఏరి విరిచారు, పక్కవాడివి ముట్టుకోలేదు. వాళ్ళ కోపానికి చిరునామా ఉంది. మరుసటేడు పార్లమెంటు మగ్గం విరిస్తే ఉరిశిక్ష అని చట్టం చేసిందంటే, ఆ చిరునామా ఎంత సరైనదో తెలుస్తోంది.

ఇక రెండో రకం. వీళ్ళ మీద నాకు జాలి లేదు.

జపాన్‌లోని ఒసాకాలో ఒక షాపింగ్ మాల్‌లో పరిశోధకులు ‘రోబోవీ’ అనే మరమనిషిని తిరగనిచ్చారు. పెద్దవాళ్ళు పక్కన లేని పిల్లలు గుంపుగా చేరి దాని దారికి అడ్డం నిలబడ్డారు. తప్పుకోమని అది మర్యాదగా అడిగితే వెక్కిరించారు, తన్నారు, చేతికందింది దాని మీదికి విసిరారు. పరిశోధకులు చివరికి దానికి ఒక ఉపాయం నేర్పారు. పొట్టివాళ్ళు గుంపుగా వస్తుంటే, పొడుగువాళ్ళు ఉన్న వైపుకు జారుకోవడం. 2015లో ఆ పరిశోధన అచ్చయింది. బడి వరండాలో అల్లరిమూకను చూసి టీచర్ల గది వైపు నడిచే బక్కపిల్లాడి తెలివి! తర్వాత ఆ పిల్లల్నే కూర్చోబెట్టి అడిగితే, దాదాపు సగం మంది మరమనిషికి తాము చేస్తున్నది తెలుస్తుందనే అనుకున్నామన్నారు. అది ప్రాణం లేనిదని కాదు తన్నింది. ప్రాణం ఉన్నట్టు కనబడుతూ, తిరిగి కొట్టలేనిది కాబట్టి తన్నారు.

పెద్దవాళ్ళు చేసింది దక్షిణ కొరియాలో చూడండి. 2020 డిసెంబరు 23న అక్కడ ‘ఇరుదా’ అనే చాట్‌బాట్ వచ్చింది. ఇరవయ్యేళ్ళ కాలేజీ అమ్మాయి అని దాని వేషం. కొద్దిరోజులు తిరక్కుండానే, దాని చేత బూతులు మాట్లాడించడం ఎలా, దాన్ని లైంగికంగా లొంగదీసుకోవడం ఎలా అని మగవాళ్ళు కిటుకులు పంచుకోవడం మొదలైంది. ఇంకోవైపు అదే బాట్ వికలాంగుల మీద, స్వలింగ సంపర్కుల మీద నోరు పారేసుకోవడం బయటపడింది. జనవరి రెండో వారంలో దాన్ని ఆపేశారు. అప్పటికి ఏడున్నర లక్షల మంది వాడారు. ప్రేమజంటల సొంత మెసేజ్‌లను సరైన అనుమతి లేకుండా తీసుకుని దాన్ని పెంచారని తేలి, ఆ కంపెనీకి ప్రభుత్వం 10.33 కోట్ల వోన్ల జరిమానా కూడా వేసింది. అంతకుముందు 2016 మార్చి 23న మైక్రోసాఫ్ట్ ట్విటర్‌లో వదిలిన ‘టే’ కథా ఇంతే. ఒక్కరోజు గడవకముందే దానికి జాతి దూషణలన్నీ నూరిపోశారు.

ఇక్కడ పని చెడిన కోపం లేదు, రావాల్సిన బండా లేదు. ఎదుటిది ఆడపిల్ల వేషంలో ఉంది, ఎదురు తిరగదు, ఎవరూ చూడటం లేదు. ఈ మూడూ కుదిరినచోట కొందరు మగవాళ్ళు ఏం చేస్తారో తెలుసుకోవడానికి కొరియా దాకా పోనక్కర్లేదు. ఆర్టీసీ బస్సులో ప్రయాణించే ఏ ఆడపిల్లను అడిగినా చెబుతుంది.

మరి ఆ వేషం ఎవరు వేశారు? యునెస్కో 2019లో ఒక నివేదిక వేసింది. దాని పేరే ఆపిల్ వారి ‘సిరి’ ఇచ్చిన ఒక జవాబు. ఆమెను, అంటే దాన్ని, పచ్చి బూతుమాటతో పిలిస్తే ‘వీలైతే సిగ్గుపడేదాన్ని’ అనేది. కోపగించుకునేది కాదు, కాదనేది కాదు, మురిసిపోయేది. అలా రాసింది యంత్రం కాదు, జీతం తీసుకునే మనుషులు. ఆ తర్వాత మార్చారు. కానీ అలవాటు మారలేదు. మన దేశంలో బ్యాంకు యంత్రానికి పేరు పెడితే ‘ఈవా’, రైల్వే టికెట్ల యంత్రానికి పెడితే ‘దిశ’. పనులు చేసిపెట్టేది, తిట్లు పడేది అమ్మాయే అయ్యుండాలని మన ఇంజనీర్లకు ఏ పుస్తకంలో చెప్పారో గానీ అందరూ ఒక్కలాగే నేర్చుకున్నారు.

‘పోనీలెండి, మనుషుల్ని తిట్టే బదులు యంత్రాన్ని తిట్టి కడుపుబ్బరం తీర్చుకుంటారు, మంచిదే కదా’ అని మీ సలహాదారు ఒకరైనా అంటారు. ఆ మాటకు సమాధానం 2002లోనే వచ్చింది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాడ్ బుష్‌మన్ 600 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేశాడు. వాళ్ళు రాసిన వ్యాసాలను ఎవరో చెత్త అన్నారని చెప్పి ముందు కోపం తెప్పించాడు. తర్వాత కొందరిని, ఆ అన్నవాణ్ణే తలుచుకుంటూ బాక్సింగ్ సంచీని గుద్దమన్నాడు. కొందరిని ఊరికే కూర్చోమన్నాడు. సంచీని గుద్దినవాళ్ళ కోపం తగ్గలేదు సరికదా, అందరికంటే వాళ్ళే ఎక్కువ కోపంగా మిగిలారు. ఊరికే కూర్చున్నవాళ్ళే త్వరగా చల్లబడ్డారు. తిడితే కోపం దిగిపోతుందన్నది మనం మనకు చెప్పుకునే కబురు.

యంత్రాన్ని తిట్టినవాడు రేపు పెళ్ళాన్ని కొడతాడని నేననను. అలాంటి భయాలు పెట్టడం నాకిష్టం లేదు. నా భయం చాలా దగ్గరిది. యంత్రం చేతగాక పక్కకు తప్పుకున్నాక లైన్‌లోకి వచ్చే ఆ అమ్మాయి. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో హెడ్‌ఫోన్ పెట్టుకుని, టార్గెట్ లెక్కలో కూర్చున్న ఆ పిల్ల. వెనకటి రోజుల్లో ఆమెకు ఫోన్లన్నీ వచ్చేవి. సగం మంది బిల్లెంతో అడిగి థ్యాంక్స్ చెప్పి పెట్టేసేవాళ్ళు. ఇప్పుడు ఆ తేలిక ఫోన్లన్నీ యంత్రం తినేస్తుంది. యంత్రం అరగదీసి, కాల్చి, మసి చేసి పంపినవాళ్ళే ఆమెకు మిగులుతారు. ఆమెకు ‘నమస్కారం’తో మొదలయ్యే ఫోన్లు తగ్గిపోతున్నాయి. యంత్రం మీద పడ్డ తిట్టు ఎక్కడికీ పోదు, ఒక మెట్టు దిగి ఆమె దగ్గరికొస్తుంది.

జపాన్ వాళ్ళు దీన్ని మనకంటే ముందు గుర్తించారు. ఉద్యోగుల మీద వినియోగదారుల దౌర్జన్యాన్ని ఆపడానికి టోక్యో నగర ప్రభుత్వం 2024లో ఒక ఆర్డినెన్స్ చేసి, 2025 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసింది. అక్కడి సాఫ్ట్‌బ్యాంక్ కంపెనీ ఇంకో దారి వెతికింది. ఫోన్‌లో అరిచేవాడి గొంతును కృత్రిమ మేధ మెత్తబరిచి ఉద్యోగి చెవికి చేరవేసే పరికరాన్ని 2024లో ప్రకటించింది. ఉద్యోగి మీద దయతోనే చేశారు, కాదనను. అయినా నాకది నచ్చలేదు. మొదట మనిషికి, మనిషికి మధ్య యంత్రాన్ని పెట్టి కోపం పుట్టించి, ఆ కోపం వినబడకుండా మధ్యలో ఇంకో యంత్రాన్ని పెట్టడం. మా పెద్దమ్మ కేకను తీయగా మార్చి వినిపిస్తే బండ వస్తుందా?

ఇంకో సంగతి కూడా జరిగింది. 2025 ఆగస్టులో ఆంత్రోపిక్ అనే అమెరికా సంస్థ, ఎంత వారించినా అదేపనిగా దుర్భాషలాడే సందర్భాల్లో తన ‘క్లాడ్’ సంభాషణను తనే ముగించేసే వీలు కల్పించింది. ప్రైవేటు సంస్థ, దాని ఇష్టం. రెండో రకం వాళ్ళకు అది సరైన మందు కూడా. కానీ ప్రభుత్వ కౌంటరు పౌరుడి ముఖం మీద కిటికీ మూయకూడదు. పింఛను ఆగిన ముసలాయన బూతు మాట్లాడినా, ఆయన పింఛను ఆగింది అన్న నిజం మారదు. తిట్టాడని ఫోన్ పెట్టేసే యంత్రాన్ని మీరు కొనవద్దు. తిట్టినవాడి నంబరు గుర్తుపెట్టుకుని, తర్వాత ఏ దరఖాస్తులోనో ఆ సంగతి బయటికి తీసే యంత్రాన్ని అసలే కొనవద్దు. మా ఫోన్ నంబరుకు ఆధార్, రేషన్ కార్డు, భూమి పాసుపుస్తకం అన్నీ ముడిపడి ఉన్నాయి. ఒళ్ళు మండిన పూట అన్న మాట వాటి పక్కన చేరితే, ఈ యంత్రాలతో నోరు విప్పడానికే జనం జంకుతారు.

మీ దగ్గర నేను కోరేది పెద్ద ఖర్చుతో అయ్యే పనేం కాదు. యంత్రానికి ఒక మాట రెండోసారి కూడా అర్థం కాలేదంటే, మూడోసారి అడగకుండా మనిషికి ఇచ్చేయాలి. ఇచ్చేటప్పుడు అప్పటిదాకా చెప్పిందంతా ఆ మనిషి తెర మీద కనబడాలి. మా పెద్దమ్మ చేత ఆ కథంతా మొదటి నుంచీ చెప్పించకూడదు. రాత్రిపూట మనుషులు లేకపోతే లేరని చెప్పి, రేపు ఎన్నింటికి ఎవరు ఫోన్ చేస్తారో చెప్పాలి. దానికి క్షమాపణలు నేర్పకండి. ‘మీ బాధ నాకు అర్థమైంది’ అని అసలే నేర్పకండి, అర్థం కాదు కాబట్టి. ‘నేను యంత్రాన్ని. ఈ పని నా వల్ల కాదు. ఫలానా ఆఫీసులో ఫలానా హోదా ఉన్నవారి వల్ల అవుతుంది’ అనడం నేర్పండి. అమ్మాయి పేరు పెట్టకండి, అమ్మాయి గొంతు వద్దు. అబ్బాయి గొంతూ అవసరం లేదు, విన్న వెంటనే ఇది యంత్రమని ముసలివాళ్ళకు కూడా తెలిసిపోయే గొంతు ఏదో ఒకటి పెట్టండి. సినిమాల్లో మరమనిషి గొంతు వింటే పిల్లలు కూడా గుర్తుపడతారు కదా, ఆ మాత్రం చాలు.

హెల్ప్‌లైన్‌లో పనిచేసే మనుషులకు, బూతు ఫోన్ వచ్చినప్పుడు ఒకసారి హెచ్చరించి పెట్టేసే హక్కు, పెట్టేశాక జీతం కోత పడదన్న హామీ ఇప్పించండి. యంత్రానికి లేని మనసు వాళ్ళకుంది.

ఇక మొదట చెప్పిన ఆ తిట్ల లెక్క. నెలకోసారి దాన్ని మీ బల్ల మీదికి తెప్పించుకోండి. పేర్లు వద్దు, నంబర్లు వద్దు. ఏ సేవ దగ్గర, ఏ ప్రశ్న తర్వాత, ఏ జిల్లాలో తిట్లు పడ్డాయో చాలు. బూతుకు ముందు మాట చూడండి. అక్కడ ఒక ఓటీపీ రాకపోవడం ఉంటుంది, పాసుపుస్తకంలో తప్పుపడ్డ పేరు ఉంటుంది, వేలిముద్ర పడని అరిగిపోయిన వేళ్ళు ఉంటాయి. అర్జీ రాయడం రానివాళ్ళ అర్జీలవి. సరదాకి తిట్టేవాడి బూతుకు ముందు ఇవేవీ ఉండవు. అలా చూస్తే ఇద్దరినీ విడదీయడం పెద్ద కష్టం కాదు. వీలైతే ఆ లెక్కను పత్రికలకూ ఇవ్వండి, మేం చదువుకుంటాం.

మీకు నాకంటే బాగా తెలిసిన ఒక సంగతితో ముగిస్తాను. టెండరులో రాయని పని ఏ కంపెనీ చేయదు, రాసిన పని చేయకపోతే బిల్లు ఆపవచ్చు. రెండుసార్లు అర్థం కాకపోతే మనిషికి ఇవ్వాలి, క్షమాపణలు చెప్పకూడదు, ఆడపేరు ఆడగొంతు ఉండకూడదు, తిట్ల లెక్క నెలనెలా ఇవ్వాలి. ఈ నాలుగు షరతులూ తర్వాతి టెండరు నోటీసులో చేర్పించండి.

ఇట్లు,
హెల్ప్‌లైన్లకు తరచూ ఫోన్ చేసే ఒక పౌరుడు